ప్రతి బల్ల దగ్గరా బాబాయే

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తెలియనివే ఎక్కువ, అయినా సలహాలు మాత్రం అందరూ ఇప్పుడే అడుగుతున్నారు (అదేం న్యాయమో!). హెచ్‌వన్‌బీ వీసా మీద అమెరికా వచ్చి, అల్ఫారెట్టా అనే ఊళ్ళో మొదటి ప్రాజెక్టులో చేరిన కాలమది. మా క్లయింటు విందులు ఏర్పాటు చేసే కంపెనీ. ఎవరు ఏ బల్ల దగ్గర, ఏ కుర్చీలో కూర్చోవాలో తేల్చే స్టోర్డ్ ప్రొసీజర్ రాయడం నా పని. పేరు చూసి భయపడకండి, అది డేటాబేసులోనే కాపురముండే ప్రోగ్రాము.

మా టీమ్ లీడ్ గుంటూరాయన. మేమంతా పెద్దన్న అనేవాళ్ళం. "చూడు తమ్ముడూ, క్లయింటోళ్ళ సొంత యాన్యువల్ లంచ్‌కే నీ ప్రొసీజర్ వాడతారంట. సరిగ్గా రన్ అయితే నీకు ఎక్స్‌టెన్షన్. లేదంటే ఇంకో ప్రాజెక్ట్ వెతుక్కో, దొరక్కపోతే సూట్‌కేస్ సర్దుకో" అని చల్లగా చెప్పి కాఫీకి వెళ్ళిపోయాడు. నాకు ఏసీలో చెమటలు పట్టాయి.

అతిథులను రెండు డైమెన్షన్ల అరేలో, అంటే గళ్ళ పట్టికలాంటి దాంట్లో పెట్టాను. అడ్డం వరుస ఒక్కొక్కటీ ఒక బల్ల, అందులో గడి ఒక్కొక్కటీ ఒక కుర్చీ. ఈ డేటాబేసుకు పట్టింపు ఎక్కువ. వరుసలన్నీ సమానంగా ఉండి తీరాలి. ఒక బల్లకు ఎనిమిదిమంది, ఇంకోదానికి ఆరుగురు అంటే ఎర్రక్షరాలతో విరుచుకుపడేది. పోనీ ఖాళీ గడిలో నల్ పెడదామంటే, అంటే ఇక్కడ ఎవరూ లేరని చెబుదామంటే, నేను పేర్లు అతికించిన తీరుకి ఆ ఒక్క నల్ తగిలి బల్లకు బల్లే మాయమయ్యేది. ఏదో ఒక పేరుండాలి. తోచినవి కొట్టేశాను: బాబాయి, పిన్ని, మేనత్త, చిట్టిమావయ్య. తర్వాత మార్చుదాంలే అనుకున్నాను ("తర్వాత" అనే మాట లేకపోతే మా వృత్తే లేదు).

లంచ్ రోజు పొద్దున్నే పెద్దన్న నాతో మాటమాత్రం అనకుండా దాన్ని రన్ చేసి క్లయింటుకు పంపేశాడు. వాళ్ళు బంగారు అక్షరాలతో పేరు కార్డులు అచ్చేయించి కుర్చీల ముందు నిలబెట్టారు. నేను హాల్లో అడుగు పెట్టేసరికి ఎక్కడ చూసినా మావాళ్ళే. పిన్నికి సలాడ్ వడ్డించేశారు. నీచు వాసన తగిలితేనే ముక్కు మూసుకునే మా మేనత్త ముందు చేప ముక్క పెట్టారు.

క్లయింటు మేనేజరు, పొడుగాటి అమెరికన్ ఆవిడ, చేతిలో కార్డుతో మా దగ్గరికొచ్చింది. "హూ ఈజ్ మిస్టర్ బబాయ్? ప్రతి టేబుల్ దగ్గరా ఆయనే ఉన్నాడేంటి?" అని అడిగింది. పెద్దన్న నన్ను కొరకొరా చూసి, "ఏంట్రా ఇది? అడ్డంగా బుక్ చేశావ్ కదరా నన్ను!" అని తెలుగులో గొణిగాడు. నాకు అబద్ధం కూడా తట్టలేదు.

"మా అంకుల్, మేడమ్" అన్నాను.

"వస్తున్నాడా?"

"లేదు మేడమ్. ఒంగోల్లో ఉంటాడు."

ఆవిడ పగలబడి నవ్వింది. ఇంతలో చెప్పాపెట్టకుండా వచ్చిన అతిథులు గుమ్మంలో పోగయ్యారు. ఆవిడ వెనక్కి తిరిగి, "వాళ్ళని బబాయ్ ఫ్యామిలీ కుర్చీల్లో కూర్చోబెట్టండి!" అని కేకేసింది. ఏ కుర్చీ ఖాళీయో కార్డే చెబుతోంది కనుక గొడవ లేకుండా అందరూ సర్దుకున్నారు. అప్పట్నుంచీ ఆ కంపెనీలో ఖాళీ కుర్చీకి బబాయ్ అనే పేరు ఖాయమైంది, నా ఎక్స్‌టెన్షనూ ఖాయమైంది. ఆ ఐడియా తనదేనని పెద్దన్న మీటింగులో చెప్పుకున్నాడు.

ఇన్నేళ్ళకు అదే క్లయింటు దగ్గర నేనూ లీడ్‌నయ్యాను. మొన్న మా టీములో కొత్తగా చేరిన అమ్మాయి, ఇక్కడే పుట్టిన తెలుగు పిల్ల, ఆ ప్రొసీజర్‌ని శుభ్రంగా తిరగరాసి నా అప్రూవల్‌కి పంపింది. "అంకుల్... సారీ, సర్, ఈ పిన్ని, బాబాయి ఎందుకు? నల్ పెడితే వర్క్ అవుతుంది కదా?" అంది. అవుతుంది, అతికించే తీరు మారిస్తే చాలు. అంత చిన్న సంగతి తెలియక తంటాలు పడిన ఆ కుర్రాణ్ణి తల్చుకుంటే నవ్వొచ్చింది. తోచిన పేర్లట! ఈ ఊళ్ళో రోజూ ఒక్కడే కూర్చుని తినేవాడికి ఇంకెవరి పేర్లు తోస్తాయి? "బాగా చేశావమ్మా" అన్నాను గానీ, అప్రూవ్ నొక్కడానికి చేయి రాలేదు. చివరికి నొక్కాను. బంతిలో విస్తరి ముందు కూర్చున్న మా పిన్నినీ బాబాయినీ నా చేత్తోనే లేపేసినట్టయింది.