మేనత్త నుంచి నాకు వచ్చింది

ఎనభైల మొదట్లో, నాకు ఏడేళ్లప్పుడు, ఒక ఎండాకాలమంతా మిర్యాలగూడలో మా మేనత్త దగ్గర ఉన్నాను. సూర్యాపేటలో అమ్మకు కాన్పు దగ్గరపడిందని నన్ను అక్కడికి పంపారు. అత్తమ్మ రైస్ మిల్లులో ఉడికిన వడ్లు ఆరబోసే పనికి పోయేది. జుట్టు నిండా తవుడుతో వచ్చి, నన్ను కొంగులో చుట్టుకుని పడుకునేది. దగ్గేది. మిల్లు దుమ్ము వల్ల అనుకున్నాం.

వానలు మొదలయ్యాక దగ్గులో నెత్తురు పడింది. దవాఖానలో క్షయ అన్నారు. సూదులు, గోలీలు నడిచాయి. నాలుగు నెలలకే కాస్త కండ పట్టింది, దగ్గు పోయింది. ఇక బాగైందని ఆమె గోలీలు మానేసింది.

క్షయ అని తెలిసినప్పటి నుంచి మాత్రం ఆమె నన్ను మళ్లీ దగ్గరికి తీసుకోలేదు. నేను పరుగెత్తుకుంటూ పోతే అరచెయ్యి అడ్డం పెట్టేది. "ఆడనే ఉండు బిడ్డా," అనేది. తన కంచం, తన గ్లాసు వేరు. నేనేదో తప్పు చేశాననుకున్నాను. కాలేజీకి వచ్చాక కూడా ఆ నొప్పి పోలేదు.

తొంభైల చివర్లో హైదరాబాద్‌లో ఒక లాబొరేటరీలో పరిశోధన విద్యార్థిగా చేరాను. క్షయ బాక్టీరియాకు దగ్గరి చుట్టమైన, మనిషికి హాని చేయని ఒక బాక్టీరియాను గాజు గొట్టాల్లో పెంచి, గాలి చొరకుండా మూతలు బిగించేవాళ్లం. లోపల కొద్దిగా నీలం రంగు కలిపేవాళ్లం. బాక్టీరియా ఆక్సిజన్‌ను వాడుకునే కొద్దీ నీలం పలచబడి, చివరికి పూర్తిగా పోయేది. అప్పటికి వాటి పెరుగుదల ఆగిపోయేది. చచ్చేవి మాత్రం కావు. వారాల తర్వాత మూత తీసి గాలి తగలనిస్తే మళ్లీ పెరగడం మొదలుపెట్టేవి.

గాలి తగ్గినప్పుడు వాటిలో ఏ జన్యువులు మేల్కొంటాయో చూడటం మా పని. మామూలప్పుడు కనిపించని ఒక ప్రొటీన్ అప్పుడు కుప్పలుగా తయారయ్యేది. దాన్ని చేసే జన్యువు తెలుసు. దానికి ఆజ్ఞ ఎక్కణ్నుంచి వస్తుందో అప్పటికి మాకు తెలియదు.

"ఊపిరితిత్తుల్లో క్షయ క్రిముల చుట్టూ మన శరీరం గోడ కడుతుంది," అన్నారు మా గైడ్. "లోపల గాలి తక్కువ. అక్కడ అవి ఏళ్ల తరబడి ఇలాగే పడి ఉండగలవు."

అత్తమ్మ మధ్యలో మానేసిన గోలీలు గుర్తొచ్చాయి.

ఆ నెలలోనే మా అందరికీ, క్షయ క్రిములు ఒంట్లో చేరాయేమో చూసేందుకు, ముంజేతికి చిన్న సూది వేసి చర్మ పరీక్ష చేశారు. మూడో రోజుకు నా ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్లంత గట్టిగా వాచింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. "నీకు జబ్బు లేదు. క్రిములు లోపల ఉన్నాయి, నిద్రపోతున్నాయి. చాలామందిలో జీవితాంతం లేవవు," అన్నారు గైడ్. ఎవరి నుంచి వచ్చాయో ఏ పరీక్షా చెప్పలేదు. నాకు మాత్రం సందేహం లేదు. ఆ రోజు నుంచి నా ఊపిరి నా ఒక్కదానిదే అనిపించలేదు. గొట్టంలో నీలం పలచబడుతుంటే, నాకు తెలియకుండానే గట్టిగా గాలి పీల్చుకునేదాన్ని.

వారం తిరక్కుండా నాన్న ఫోన్ చేశాడు. కోదాడలో కొడుకు దగ్గర ఉంటున్న అత్తమ్మకు జబ్బు తిరగబెట్టిందట. అప్పటికే ఆమెకు షుగర్ కూడా ఉంది. బస్సెక్కి పోయాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూడగానే అరచెయ్యి అడ్డం పెట్టింది.

"పదిహేనేండ్లాయె బిడ్డా. ఖతమైందనుకున్న. ఇన్నొద్దులు ఏడ దాక్కున్నది ఇది?"

గొట్టాల సంగతి, గాలి సంగతి చెప్పాను.

"గా ఎండకాలం నువ్వు నా పక్కనే పన్నవు గదా. నీకు గిట్ల వచ్చిందా?"

"లేదత్తమ్మా. పరీక్ష చేసిన్రు. ఏం లేదన్నరు."

"చెయ్యి సూపియ్యి."

నేను చెయ్యి వెనక్కి పెట్టుకున్నాను. ఆమే లేచి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. అన్నేళ్లలో నన్ను తాకడం అదే మొదలు. చొక్కా చెయ్యి పైకి లాగింది. గుండ్రటి మచ్చ ఇంకా మానలేదు.

"నాకు గూడ పెట్టిన్రు గీ సూది. గిట్లనే లేచింది," అంది. "గందుకే నిన్ను దగ్గరికి రానియ్యకపోతి. ఏం లాభం, అప్పటికే అంటిచ్చిన."

అది జబ్బు కాదని, లేవకపోవచ్చని గబగబా చెప్పాను. పక్కింటివాళ్ల సంగతి వింటున్నట్టు తలూపింది. నా చెయ్యి వదిలి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పోయి గోడవైపు తిరిగి కూర్చుంది.

ఈసారి ఒక్క గోలీ కూడా మానలేదు. నెలల తర్వాత తెమడ పరీక్షలో ఏమీ కనబడలేదు. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పినా నన్ను మంచం దగ్గరికి రానివ్వలేదు. ఇంకో పదేళ్లు బతికింది. పోయేదాకా అంతే.

నాకు ఇంతవరకు ఏమీ రాలేదు. నిద్రలో ఉన్న క్రిములు పక్కవాళ్లకు అంటవని కాలేజీలో పిల్లలకు పాఠం చెప్పినదాన్ని నేనే. అయినా నా కూతురు పుట్టిన మొదటి నెలంతా మొహం పక్కకు తిప్పుకునే పాలిచ్చాను.