గంప దిగిన చోటు

నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు దిగి చేపల మార్కెట్టుకు నడిచే దారి మైలుకు కాస్త తక్కువే. ఉత్త చేతులతో వెళ్ళేవాళ్ళకు అదొక దూరమే కాదు. నెత్తిన తడి చేపల గంప పెట్టుకుని నడిచే మరిడమ్మకు మాత్రం అందులో ప్రతి గజమూ తెలిసేది.

మరిడమ్మది గోదావరి అవతలి ఒడ్డు. భర్త చిట్టియ్యకు ఆయాసం. అతను వల పట్టడం మానేసి నాలుగేళ్ళయింది. ఆవిడ తెల్లారేసరికి పడవల దగ్గర చేపలు కొని, మొదటి పంటు ఎక్కి ఇవతలికి వచ్చేది. మధ్యాహ్నానికి అమ్ముకుని, కొంగున బియ్యం మూట కట్టుకుని ఇల్లు చేరేది. ఇద్దరి అన్నమూ ఆ గంపలోంచే రావాలి.

గంప మోసేవాళ్ళకు ఒక చిక్కుంది. ఎత్తడానికీ, దించడానికీ రెండో మనిషి చెయ్యి కావాలి. నడుం వంచితే గంప ముందుకు జారిపోతుంది. అలసట వచ్చిందని నేల మీద కూలబడితే మళ్ళీ లేవడం కుదరదు. అందుకే సగం దారిలో ఉన్న పాత సత్రం ప్రహరీగోడ వాళ్ళకు తోబుట్టువులా ఉండేది. రొమ్ము ఎత్తు గోడ అది. దానికి ఆనుకుని నిలబడి, తల కొంచెం వంచి గంపను జరిపితే గోడ మీదకు దిగేది. నాలుగు ఊపిర్లు తీసుకుని, మళ్ళీ అలాగే నెత్తి మీదకు లాక్కునేవారు. ఎవర్నీ బతిమాలనక్కర్లేదు.

ఎనభై రెండులో బస్సులు, లారీలు ఎక్కువయ్యాయని ఆ రోడ్డు వెడల్పు చేశారు. మంచి పనే. వానాకాలం మోకాలి లోతు నిలిచే నీళ్ళు పోయి రెండు పక్కలా డ్రైన్లు వచ్చాయి. సైకిళ్ళు పడే గుంతలు పూడాయి. సత్రం గోడ కూడా పోయింది. ఆ గోడ పోయిన సంగతి గంపలవాళ్ళకు తప్ప ఊళ్ళో ఎవరికీ తెలియలేదు.

శ్రావణంలో ఒక పొద్దుటిపూట మరిడమ్మ సగం దారిలో ఆగి, గంప దించే చెయ్యి కోసం అటూ ఇటూ చూస్తోంది. మోకాలు ఒక్కసారిగా పట్టు తప్పింది. గంపతో సహా రోడ్డు మీద పడింది. ఎదురుగా వస్తున్న లారీ ఆవిడకు రెండు జానల దూరంలో కీచుమని ఆగింది.

డ్రైవరు తిట్టడానికే దిగాడు. ఆవిడ ముఖం చూసి, తువ్వాలు నడుముకు బిగించి, రోడ్డంతా పరుచుకున్న కట్టిపరిగె చేపలు ఏరడం మొదలుపెట్టాడు. "ఒక్కటీ పోలేదు పిన్నమ్మా, చూసుకో. నా గుండె మాత్రం ఇక్కడే ఎక్కడో పడిపోయింది, దొరికితే ఉంచు" అన్నాడు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు నుంచి నాగరత్నం గారు చెంబుతో నీళ్ళు తెచ్చి ఆవిడ ముఖం తుడిచారు.

ఆ రోజు నుంచి మరిడమ్మ కుడి మోకాలు సగం దారి వరకే మాట వినేది. అప్పట్నుంచి తోడుగా వస్తున్న వీరవేణి అనే కోడలి వరస పిల్లతో, "కార్తీకం దాకా సూత్తానే. అప్పటికీ ఈ కాలు ఇలాగే ఉంటే గంప నీకిచ్చేసి ఇంటికాడ కూకుంటాను" అంది.

"కూకుంటే మావయ్యకి గంజెవరు పోత్తారత్తా?" అంది వీరవేణి.

మరిడమ్మ మోకాలు రుద్దుకుని మళ్ళీ నడక సాగించింది.

లారీ సంగతి విని మున్సిపాలిటీ ఓవర్సీరు వీరబ్రహ్మం గారు మర్నాడే సైకిలు మీద వచ్చారు. నిదానస్తుడు. మనిషిని నిలబెట్టి అడగరు, తనూ పక్కనే నిలబడి అడుగుతారు.

"ఏమ్మా, రోడ్డు నున్నగా వేశాం కదా, ఎందుకు పడ్డావు?"

"రోడ్డు బంగారంలాగుందండి బాబూ. గోడేదండీ?"

"ఏ గోడ?"

మరిడమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, లేని గోడకు ఆనుకుని, దించి చూపించింది. ఆయన కింద పడి ఉన్న ఇటుక ముక్క తీసుకుని, ఆవిడను కరెంటు స్తంభం పక్కన నిలబెట్టి, ఆవిడ రొమ్ము ఎత్తుకు స్తంభం మీద ఎర్రగా ఒక గీత గీశారు.

"ఇంత చాలా?"

"సాలండి. ఏలెడు తగ్గినా పరవాలేదండి."

భాద్రపదం వెళ్ళేలోగా ఆ గీత ఎత్తుకే, రోడ్డుకు ఎడంగా, రెండు రాతి కాళ్ళ మీద వెడల్పాటి నాపరాతి బల్ల లేచింది. సిమెంటు ఆరిన రోజు మరిడమ్మ పంటు దిగి నేరుగా అక్కడికి వచ్చింది. ఏం చేస్తే తన సంతోషం తీరుతుందో ఆవిడకు తెలియలేదు. గంప వీరవేణికిచ్చి, బల్లకు పసుపు రాసింది. మూడు కుంకుమ బొట్లు పెట్టింది. కొబ్బరికాయ కొట్టి, "సల్లగా ఉండు తల్లీ, మా బరువు మొయ్యి" అని దణ్ణం పెట్టుకుంది. అలా చెయ్యడంలో తప్పేముంది? కొత్త పడవ నీళ్ళలోకి దిగినా ఆవిడ అదే చేస్తుంది.

మర్నాడు వచ్చేసరికి బల్ల మీద బంతిపూలున్నాయి. మూడో రోజుకు బల్ల కాళ్ళ దగ్గర ఎవరో వేపకొమ్మ గుచ్చారు. వారం తిరిగేసరికి ఆ పక్కన తలుపులమ్మ అనే ఆవిడ పూలబుట్ట పెట్టుకుని కూర్చుంది. సైకిళ్ళవాళ్ళు దిగి చెప్పులు విడిచి దణ్ణం పెట్టి వెళ్తున్నారు. లారీలు కూడా అక్కడికి రాగానే నెమ్మదించి, ఒక్కసారి హారను కొట్టి, మెల్లగా సాగేవి. ఏ బోర్డు పెట్టినా తగ్గని జోరు తగ్గింది.

అంతా బాగానే ఉంది. గంప దించడానికి మాత్రం లేదు.

ఒకసారి వీరవేణి సాహసం చేసి గంప బల్ల వైపు వంచింది.

"ఏమ్మే, కళ్ళు కనపడటం లేదా? నీసు గంప అమ్మ నెత్తిన పెడతావా?" అంది తలుపులమ్మ.

"మాకోసమే కట్టేరు పిన్నీ!"

"మీకోసం కట్టారేమో. వెలిసింది అందరికోసం."

వీరబ్రహ్మం గారు వచ్చి చూసి తల గోక్కున్నారు. "కడిగించేద్దామంటే నా చెయ్యి రావడం లేదు మరిడమ్మా. నాకూ పిల్లలున్నారు" అన్నారు. మరిడమ్మ ఆయన్ని ఏమనగలదు? పసుపు పెట్టింది తనే. ఇంకో బల్ల అడగడానికి నోరు రాలేదు. కాలు ఈడ్చుకుంటూ, ఆ బల్ల పక్క నుంచే, ఆగకుండా నడిచిపోయేది.

నాగరత్నం గారికి ఈ కథ ఏదీ తెలియదు. జంగారెడ్డిగూడెంలో చెల్లెలి పురుడు కష్టమైందని కబురొస్తే ఆవిడ శ్రావణంలోనే వెళ్ళిపోయారు. తల్లీ బిడ్డా గట్టెక్కాక దసరాకు తిరిగొచ్చారు. వచ్చేసరికి కొట్టుకు ఎదురుగా అమ్మవారు. చేతులు జోడించి, కార్తీకమంతా తెల్లవారుజామునే ఇక్కడ దీపం పెడతానని మొక్కుకున్నారు.

పంతొమ్మిదో రోజు. మంచు ఇంకా విడలేదు. ఆవిడ తలస్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, ప్రమిద వెలిగించి బల్ల మీద పెడుతున్నారు. వెనక ఎవరో బరువుగా ఊపిరి తీసిన చప్పుడైంది. చూస్తే మరిడమ్మ. ఒక చెయ్యి నెత్తి మీది గంపను పట్టుకుని ఉంది. రెండో చెయ్యి బల్ల అంచును పట్టుకుని ఉంది. కుడి కాలు నేల మీద ఆనడం లేదు.

"ఏంటి మరిడమ్మా, ఒక్కదానివే వచ్చావు?"

"ఈరవేణికి జొరమండి. మీరు దీపం ఎట్టుకోండి అమ్మగారూ, నేనెల్లిపోతాను."

వెళ్తానంది గాని అడుగు పడలేదు. ఆవిడ కళ్ళు బల్ల మీదకు వెళ్ళి, వెంటనే తప్పుకున్నాయి. నాగరత్నం గారు అది చూశారు.

ఆవిడ ప్రమిద తీసి స్తంభం మొదట్లో పెట్టారు. పూలు ఒక పక్కకు జరిపారు. రెండు చేతులూ చాచి గంప అంచు పట్టుకున్నారు.

"వొద్దండి! ముట్టుకోకండి, తానం సేసేరు, నీసండి..."

"ముందు దించు. తర్వాత తిడుదువు గాని."

గంప దిగింది. చేపల నీళ్ళు పసుపు మీదుగా జారి రెండు చారలు కట్టాయి. మరిడమ్మ బల్లకు చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, నిండుగా ఒక ఊపిరి వదిలింది. సత్రం గోడ పోయాక ఆ దారిలో ఆవిడ అలాంటి ఊపిరి వదలడం అదే మొదలు.

అప్పుడే పూలబుట్టతో వచ్చిన తలుపులమ్మ గుండెలు బాదుకుంది. "అయ్యయ్యో, కోమటోరింటి అమ్మగారు మీరే ఇలా చేస్తే ఎలాగండీ? అపచారం కదండీ!"

మరిడమ్మ ఉలిక్కిపడి గంప లాక్కోబోయింది. నాగరత్నం గారు ఆవిడ భుజం మీద చెయ్యి వేశారు. అప్పుడే స్తంభం మీద ఇటుక గీత ఆవిడ కంటపడింది. "ఈ గీత ఏంటి?"

"నా కొలతండి" అంది మరిడమ్మ సిగ్గుపడుతూ. "గంప దించుకోడానికి ఓవర్సీరుబాబు గీసేరండి. పసుపు రాసింది నేనేనండి. సంతోసం పట్టలేక రాసేను. ఇలాగవుద్దనుకున్నానా!"

నాగరత్నం గారు నవ్వారు. నవ్వుతూనే కళ్ళు ఒత్తుకున్నారు.

"చూడు తలుపులమ్మా, మొన్న దసరాకి మా కాటాకి పసుపు రాసి, బొట్టు పెట్టి పూజ చేశాం. మర్నాడు అందులో బెల్లం తూచడం మానేశామా? వీళ్ళ పడవకి బొట్టు పెడితే గోదాట్లోకి తొయ్యడం మానేస్తారా? పూజ చేసింది పని చెయ్యమనే కదా!"

తలుపులమ్మ నోరు తెరిచింది. ఆవిడ పూలకత్తెరకు కూడా దసరాకి రాసిన పసుపు చార ఉంది. నోరు మూసుకుంది. కత్తెర బుట్టలోకి తోసి, "మరి మీ మొక్కండీ?" అంది.

"నా కొట్టు అరుగు మీద పెడతాను. ఎదురుగానే కదా ఉంది, అమ్మకి కనపడదా?"

"మరి మీ మడి సంగతండీ?"

"గోదారి పక్కన ఉండి స్నానానికి కరువేంటి!"

మిగిలిన కార్తీకమంతా దీపం కొట్టు అరుగు మీద వెలిగింది. గంప ఎదుటి బల్ల మీద దిగింది. వీరబ్రహ్మం గారు ఒకరోజు సైకిలు ఆపి, పసుపు మీద చేపపొలుసులు మెరుస్తుంటే చూసి, మార్కెట్టు మలుపులో ఇంకో బల్లకు కొలత తీసుకున్నారు. ఈసారి గీత గీశాక, "దీనికి మాత్రం గంప దించాకే పసుపు రాయమ్మా!" అన్నారు.

మరిడమ్మ ఇంకా తొమ్మిదేళ్ళు గంప మోసింది. చిట్టియ్యకు గంజి తప్పలేదు. పాలబిందెలవాళ్ళు, కట్టెల మోపులవాళ్ళు, సందుల్లోంచి లేసు అల్లికల మూటలు తెచ్చే ఆడవాళ్ళు, చంకకర్రలతో నడిచే ముసలాయన ఒకాయన, అందరూ అక్కడే ఆగేవారు. నేల తడి అంటకుండా తలుపులమ్మ తన పూలబుట్ట కూడా దాని మీదకు ఎక్కించింది. లారీలు మాత్రం అక్కడికి రాగానే నెమ్మదించి ఒక్కసారి హారను కొట్టడం మానలేదు.

గంప దించే ముందు మరిడమ్మ రెండు వేళ్ళతో బల్లను తాకి కళ్ళకద్దుకునేది. ఆవిడ వెళ్ళాక నాగరత్నం గారు కాకులు మూగకుండా బిందెడు నీళ్ళు తెచ్చి బల్ల మీద పోసేవారు. పసుపు కొంచెం కరిగేది. శుక్రవారం మళ్ళీ ఎవరో ఒకరు రాసేవారు.