సాక్ష్యం చెప్పాక తిరగబెట్టిన జ్వరం

మా గ్రేసు మిట్టమధ్యాహ్నం రజాయి కప్పమని అడిగిన రోజే నాకు ఏదో తేడాగా అనిపించింది. రిసాలిలోని మా స్టీలు ప్లాంటు క్వార్టర్లో ఫ్యాను ఆపితే ఉండలేనంత ఉక్కగా ఉంది. తనేమో పళ్ళు టకటకలాడిస్తూ మంచం మీద ముడుచుకుపోయింది.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. గ్రేసు బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతోంది. దసరా సెలవులకి కాలేజీలోని క్రైస్తవ విద్యార్థుల జట్టుతో కాంకేర్ అవతల అడవి పల్లెలకి సేవకి వెళ్ళొచ్చింది. పిల్లలకి పాటలు, అక్షరాలు నేర్పారట, పుళ్ళు కడిగి కట్లు కట్టారట. ఇంట్లో తిన్న పళ్ళెం తీయని మహాతల్లి అక్కడ జట్టంతటికీ వండి పెట్టిందట! వెక్కిరించాను గానీ లోపల గర్వంగానే ఉంది.

"ఏటే, అలా వణికిపోతన్నావు?" అన్నాను.

"కుచ్ నహీఁ అమ్మా, థకాన్ అంతే."

అలసటైతే ఒళ్ళు పెనంలా కాలదు కదా. దగ్గర్లోని క్లినిక్‌కి లాక్కెళ్ళాను. డాక్టరుగారు ముందు ఎక్కడికెళ్ళి వచ్చావని అడిగి, రక్తం తీయించి స్లైడ్ టెస్ట్ చేయించారు. "మలేరియా పాజిటివ్. ఫాల్సిపారం, ప్రమాదకరమైన రకం. జ్వరం తగ్గినా కోర్సు పూర్తి చెయ్యాలి. మళ్ళీ స్లైడ్ చూడాలి, తప్పకుండా తీసుకురండి" అన్నారు.

మాత్రలు పడగానే జ్వరం దిగింది. ఆ ఆదివారం క్యాంప్ 2 అనే కాలనీలోని మా తెలుగు చర్చికి వెళ్ళాం. మా సంఘంలో ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు మేలు చేసినవాళ్ళు లేచి అందరి ముందూ చెప్పాలి. చెప్పకపోతే ఆయన మహిమని దాచినట్టేనని మావాళ్ళ నమ్మకం. గ్రేసు లేచింది. "ప్రభువు నన్ను సంపూర్ణంగా స్వస్థపరిచాడు. క్రిస్మస్ సెలవులకి మళ్ళీ వెళ్తున్నాం. మీ పిల్లల్ని కూడా పంపండి" అంది. చర్చంతా స్తోత్రాలతో మారుమోగింది.

ఇంటికొచ్చాక మిగిలిన మాత్రలు అలాగే ఉండిపోయాయి. స్లైడ్ సంగతి ఎత్తితే, "స్వస్థత అయిపోయాక టెస్ట్ ఏటమ్మా, అవిశ్వాసం కాదా?" అంది. దేవుడి మాట అడ్డం పెట్టేసరికి నేను వదిలేశాను.

తర్వాత అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టింది. గది తలుపు వేసుకునేది. స్నానాల గదిలో కుళాయి చాలాసేపు పారుతూనే ఉండేది. పరీక్షల దిగులేమో అనుకున్నాను. ఒక పొద్దున లేపితే కళ్ళు తెరిచింది. అవి పసుపుపచ్చగా ఉన్నాయి. నా ముఖంలోకి చూసి, "ఆంటీ, మా అమ్మ ఎక్కడ?" అంది.

పరిగెత్తి పక్కింటి తలుపు కొట్టాను. మా ఆయన ప్లాంటులో షిఫ్టులో ఉన్నారు. పక్కింటివాళ్ళు ఆటో పిలిచి పిల్లని ఎక్కించారు. దారి పొడుగునా నేను దాని పేరు పిలుస్తూనే ఉన్నాను, అది పలకలేదు.

పెద్దాసుపత్రిలో డాక్టరమ్మ జ్వరం ఎప్పటినుంచని అడిగింది. తెలీదన్నాను. "తల్లివి, నీకు తెలీదా?" అన్నట్టు చూసింది. రిపోర్టులొచ్చాక పక్కకి పిలిచింది. "సెరిబ్రల్ మలేరియా, మెదడుకెక్కింది. జాండిస్ ఉంది, ప్లేట్‌లెట్లు పడిపోయాయి. ఐసీయూలో పెడుతున్నాం. ఇప్పుడే ఏమీ చెప్పలేను."

క్వినైన్ డ్రిప్ పెట్టారు. కాస్త కదిలిందని ఊపిరి పీల్చుకునేలోగా షుగర్ పడిపోయి ఫిట్స్ వచ్చాయి. నర్సులు పరిగెత్తారు, నా ముఖం మీదే తలుపు మూసేశారు. ప్రార్థన కూటాల్లో గంటలు గంటలు ప్రార్థించేదాన్ని, ఆ తలుపు ముందు నాకు ఒక్క వాక్యం కుదరలేదు. "నా గుంటని నాకిచ్చీ ప్రభువా, నా పిల్లని నాకిచ్చీ" అని అదే అన్నాను. అంత భయం నేనెప్పుడూ పడలేదు.

ఇచ్చాడు. మెల్లగా తెలివొచ్చింది, నన్ను అమ్మా అని పిలిచింది. వార్డులోకి మార్చాక మా పాస్టరుగారు చూడ్డానికొచ్చారు. ఆయన ముందే గ్రేసుని అడిగేశాను, జ్వరం ఎందుకు దాచావని.

"అందరి ముందూ చెప్పీసాను కదమ్మా. మళ్ళీ వచ్చీసిందంటే సాక్ష్యం ఝూఠ్ అయిపోదా? అబద్ధం చెప్పీసానంటారు. ఇంకెవరూ పిల్లల్ని పంపరు. ట్రిప్ కేన్సిల్ అయిపోద్ది." జ్వరం కాసినప్పుడల్లా క్రోసిన్ మాత్ర మింగి, వాంతుల చప్పుడు నాకు వినపడకుండా కుళాయి తిప్పి నెట్టుకొచ్చిందట.

"ట్రిప్పు పోతే పోనాది! నువ్వు పోతే నానేటైపోవాలే?" అని వార్డంతా వినేలా అరిచాను. ఏడ్చాను కూడా.

పాస్టరుగారు దాని తల మీద చెయ్యి వేసి, "దేవుడి పరువు నువ్వు కాపాడక్కర్లేదమ్మా. మందులేసుకో" అన్నారు.

ఇంటికొచ్చినా కోలుకోవడానికి చాలా కాలం పట్టింది. చెవుల్లో ఒకటే హోరు. జుట్టు ఊడిపోయింది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడేది. ఆ ఏడు పరీక్షలు రాయలేదు, క్రిస్మస్ ట్రిప్పూ తను లేకుండానే జరిగిపోయింది. కిటికీ దగ్గర కూర్చుని ఏడుస్తుంటే నేను చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

నడవగలిగిన మొదటి ఆదివారం చర్చిలో మళ్ళీ లేచి నిలబడింది. "నాకు జ్వరం తిరగబెట్టింది. ఎవరికీ చెప్పలేదు. ఇంకా మందులు వాడుతున్నాను. ప్రార్థన చెయ్యండి" అని కూర్చుంది. వెనక వరసలోంచి ఒక ముసలామె లేచి, "నాకూ షుగరు తగ్గలేదమ్మా. తగ్గిపోనాదని ఊరికే చెప్పీసాను" అంది. కొందరు నవ్వారు, నేను మాత్రం ఏడుపొచ్చి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఇప్పుడు గ్రేసు స్కూల్లో సైన్సు చెబుతోంది. సెలవులొస్తే కాలేజీ పిల్లల్ని వెంటబెట్టుకుని ఆ పల్లెలకే వెళ్తోంది. దోమతెర కట్టారా అని నేను ఫోన్ చేసి విసిగిస్తాను. అది తిరిగొచ్చాక కొన్ని వారాలు నాకు నిద్ర సరిగా పట్టదు. ఆ భయం తగ్గిందని నేను ఏ సాక్ష్యమూ చెప్పను.

తోటి తల్లిదండ్రులకి నేను చెప్పేది ఒక్కటే. అడవి పల్లెలకి వెళ్ళొచ్చిన పిల్లలకి జ్వరం వస్తే ఎక్కడికెళ్ళొచ్చారో డాక్టరుకి చెప్పి రక్త పరీక్ష చేయించండి, రాసిన మందులు ఆఖరి మాత్ర దాకా మింగించండి. మళ్ళీ వచ్చిందని పిల్ల నోరు విప్పితే, "తగ్గిందన్నావు కదా" అని మాత్రం అనకండి. చెప్పులేసుకుని ఆసుపత్రికి బయల్దేరండి.