శ్యామలమ్మ కడిగిన చెక్కలు

పచ్చిపాల చీజ్‌లో హానికర బ్యాక్టీరియా ఉందని ల్యాబ్ రెండోసారీ చెప్పింది. మూడోసారీ అదే వస్తే ఇబ్రహీంపట్నంలోని తన చీజ్ షెడ్డుకు తాళమేనని భాగ్యశ్రీకి తెలుసు. పాల పరీక్షలో ఏ దోషమూ తేలలేదు. ఆ పొద్దున షెడ్డులో బ్లీచింగ్ వాసన గుప్పుమంది. పనిలో తోడుండే శ్యామలమ్మ చీజ్ మాగబెట్టే చెక్కలను రుద్ది కడుగుతోంది.

"రోజూ గిట్లనే కడుగుతున్నవా పెద్దమ్మా?"

"అవ్ బిడ్డా. పురుగు దొరికిందంటివి గదా, జర ఎక్కువనే పోస్తున్న."

భాగ్యశ్రీ నెత్తి పట్టుకుంది. చెక్కల్లోని మంచి బ్యాక్టీరియా చచ్చి, ఖాళీ అయిన చోట చెడ్డది చేరుతోంది. శుభ్రమంటే అన్నిటినీ చంపడమేనన్న భక్తి మనకు మరీ ఎక్కువ.

ఆమె పాత చీజంతా పారబోయించింది. చెక్కలను మరిగే నీళ్లతో కడిగించి, మంచి బ్యాక్టీరియాను వాటికి పూసింది, పాలలోనూ కలిపింది.

"పురుగును పురుగు ఆపుతదా?" అంది శ్యామలమ్మ.

"మన బస్సు జూడలే? సీట్లు నిండినంక ఎక్కినోళ్లు యాడ కూసుంటరు?"

రెండు నెలలకు మూడో రిపోర్టు వచ్చింది.

"చెడ్డ పురుగు దొరకలేదట పెద్దమ్మా!"

శ్యామలమ్మ కంగారుగా చెక్కల వైపు చూసింది. "మరి మనయి పానంతోనే ఉన్నయా?"