హిల్కా రాసిన మెచ్చుకోళ్ళు

హిల్కా తార్వైనెన్‌కు ఆ విశ్వవిద్యాలయంలో ఇరవై తొమ్మిదేళ్ళ సర్వీసు. ఫిన్లండు పడమటి తీరాన, ఉత్తరపు కొసలో, సముద్రపు గాలి సూటిగా వచ్చి కొట్టే భవనంలో, విశ్వవిద్యాలయ పెద్ద అయిన రెక్టారు ఆఫీసు పక్కనున్న మూలగది ఆమెది. ఏటా మే నెలలో జరిగే సత్కార సభకు కమిటీ దరఖాస్తుల్లోంచి ముగ్గురిని ఎంపిక చేసేది: అధ్యాపకుల్లో ఒకరు, సిబ్బందిలో ఒకరు, విద్యార్థుల్లో ఒకరు. వాళ్ళ గొప్పతనం గురించి నాలుగు ముక్కలు రాసి చిన్న పుస్తకంగా అచ్చు వేయించడం హిల్కా పని.

మొదటి మూడేళ్ళూ ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాసింది. ఎవరూ చదవలేదు. నాలుగో ఏడు ఒక ఆచార్యుడి ఫోటో కింద పొరపాటున ఇంకొకరి ప్రశంస అచ్చయింది. హిల్కా గుండెలు అరచేత పట్టుకుని కూర్చుంటే, ఆ ఆచార్యుడే వచ్చి, "అచ్చం నన్నే దింపేశారండీ" అని ఆమె చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళాడు.

ఆ రోజుతో ఆమెకు భయం పోయింది. అప్పటినుంచి నిజాలు రాయడం మొదలుపెట్టింది. తిట్టింది లేదు, అబద్ధం అంతకన్నా లేదు. పైకి పూలగుత్తి, లోపల చిన్న ముల్లు. అందరూ తమ ఫోటో చూసుకుని, పేరులో అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుని, పుస్తకం మీద కాఫీ కప్పు పెట్టుకునేవారు. చదివేది హిల్కా స్నేహితురాలు ఏలా ఒక్కతే. సభామందిరం గుమ్మంలో అందరి చలికోట్లూ తీసుకుని భద్రపరిచే మనిషి.

"ఏమే, ఈ ఏడు ఎవరికి పెట్టావు వాత?" అనేది యాలకుల బన్ను కొరుకుతూ.

"వాత కాదే, చక్కిలిగింత."

ఇలా పాతికేళ్ళు సాఫీగా నడిచాక, దక్షిణాదినుంచి మార్కెత్తా అనే కొత్త రెక్టారు వచ్చింది. సభ రోజు ఉదయం ఆమె హిల్కా గదిలోకి తొంగిచూసింది.

"ఇంత శ్రమపడి రాస్తారు, ఒక్కరూ చదవరట. పాపం కదండీ! ఈసారి ప్రతి అక్షరం వేదిక మీద నేనే చదువుతాను."

హిల్కా కుర్చీలోంచి లేచింది. "వద్దండీ. అవి చదవడానికి రాసినవి కావు."

"మరి దేనికి రాశారు?"

"అచ్చుకి."

రెక్టారు అది వినయమనుకుని భుజం తట్టి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం సభ మొదలవుతుండగా హిల్కా ఏలా దగ్గరికి పరుగెత్తింది. "నా కోటు ఇటివ్వు. ఇంటికి పోతున్నా. జ్వరం."

"ఇవ్వను" అంది ఏలా. "పాతికేళ్ళుగా ఒక్కదాన్నే నవ్వి చస్తున్నా. ఇవాళ నాకు తోడు దొరకబోతోంది. వెళ్ళి కూర్చో."

బయట సగం మంచు, సగం వాన. కోటు లేకుండా పోలేక హిల్కా చివరి వరసలో నక్కింది.

ముందు విద్యార్థుల పాటల బృందాన్ని నడిపే పిన్యా వంతు. రెక్టారు గొంతు సవరించుకుని చదివింది: "ఈమెకు చదువంటే ఎంత ప్రాణమంటే, మూడేళ్ళ కోర్సును ఏడేళ్ళుగా వదలలేకపోతున్నది." పిన్యా బుగ్గలు ఎర్రబడ్డాయి. తర్వాత కంప్యూటర్ల విభాగం తౌనో. "ఈయన దగ్గరికి వెళ్ళిన ఏ సమస్యా ఒంటరిగా తిరిగి రాలేదు."

కోట్ల గది వైపునుంచి ఒక కిసుక్కు వినబడింది. అంతే, కట్ట తెగింది. తౌనో చేతిలో నలిగిన వాళ్ళే హాలునిండా! కళ్ళు తుడుచుకునేవాళ్ళు కొందరు, కుర్చీ చేతులు చరిచేవాళ్ళు కొందరు. తౌనో కూడా ఒప్పుకుంటున్నట్టు తల ఊపాడు. పూలగుత్తిలో ముల్లుందని రెక్టారుకు అప్పుడర్థమైంది. కానీ పుస్తకంలో మూడో పేరు మిగిలే ఉంది, మాట ఇచ్చేసింది.

"భూగర్భ శాస్త్ర ఆచార్యులు తోర్స్తి అలకోస్కి. వీరి తరగతిలో కూర్చున్నవారికి గడియారం విలువ తెలుస్తుంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. తోర్స్తి పెద్దాయన, వచ్చే ఏడు రిటైరవుతాడు. ఆయన మెల్లగా మైకు దగ్గరికి వెళ్ళాడు. "ఇది రాసిందెవరు?"

హిల్కా లేచింది.

"నువ్వు నా తరగతికి ఎప్పుడొచ్చావమ్మా?"

"ఎనభై నాలుగులో. చదువుకుందామనే వచ్చాను. ఇంట్లో కుదరక మధ్యలో ఆపేశాను. పన్నెండు పాఠాలు విన్నాను."

"ఒక్కటైనా గుర్తుందా?"

"వేల ఏళ్ళ కిందట పైన పేరుకున్న మంచు బరువు పోయాక ఈ నేల ఇంకా పైకి లేస్తోందన్నారు. ఏడాదికి చిటికెన వేలి గోరంత. సముద్రం మనకి దూరంగా జరిగిపోతోందన్నారు." కాస్త ఆగి, "అది చెప్పడానికి రెండు గంటలు పట్టింది" అంది.

తోర్స్తి అందరికన్నా ముందు నవ్వాడు. "ముప్పై ఎనిమిదేళ్ళు చెప్పాను. వినే మనిషి ఒకరున్నారని ఇవాళ తెలిసింది" అని పూలగుత్తితో సహా వేదిక దిగి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. హిల్కాకు నవ్వాలో ఏడవాలో తెలియక ముక్కు చీదుకుంది.

మర్నాడు రెక్టారు పిలిపించింది. బల్ల మీద పాత పుస్తకాలన్నీ పేర్చి ఉన్నాయి. ఉద్యోగం పోయిందనుకుంది హిల్కా.

"ఉదయంనుంచీ ఇవే చదువుతున్నాను" అంది మార్కెత్తా. "నా ముందు రెక్టారును సత్కరించిన ఏడు ఆయన గురించి, 'విశ్వవిద్యాలయాన్ని తన చేతికి వచ్చినట్టే అప్పగించారు' అని రాశారు. మరి నా గురించి ఏం రాస్తారు?"

"మీరింకా ఏమీ చెయ్యలేదు కదండీ."

రెక్టారు పుస్తకాల దొంతర పక్కకి జరిపి, "పనిలోకి వెళ్ళండి" అంది.

తర్వాతి ఏడు తమంతట తాము సత్కారానికి దరఖాస్తు పెట్టుకునేవారు ఒక్కరూ లేరు. కానీ పక్కవాడి పేరు సూచిస్తూ ఎనభై ఏడు దరఖాస్తులు వచ్చిపడ్డాయి. తోటివాళ్ళంటే గిట్టనివారంతా ఉత్సాహంగా వాళ్ళ ఘనతలు ఏకరువు పెట్టారు. హిల్కా అన్నీ చదివి, "వినకుండా ఎలా రాయను?" అని రెక్టారు దగ్గర అనుమతి తీసుకుంది. ఒక మంగళవారం నోటుపుస్తకం పట్టుకుని న్యాయశాస్త్రం తరగతిలో మొదటి బల్ల మీద కూర్చుంది. పాఠం చెప్పే ఆయన ఆమెను చూశాడు. పసుపుబారిన పాత కాగితాలను నెమ్మదిగా సంచిలో పెట్టేసి, పదేళ్ళలో మొదటిసారి, పిల్లల మొహాలు చూస్తూ మాట్లాడటం మొదలుపెట్టాడు.