వంతెన ఫోటోలో సైకిలు

“ఆ కమ్మీల సందులో మా పాప తల పడుతుంది బాబాయిగారూ. తల పట్టిందంటే ఒళ్లంతా పట్టినట్టే. నేను స్కేలు పెట్టి కొలిచాను.”

పై వాటా గుమ్మంలో నిలబడి ఆ మాట అనేశాక ఆమెకే కాస్త సిగ్గనిపించింది. కింద వాటాలోకి వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు, పలకరింపుల వరకే పరిచయం. పొద్దున్నే పెద్దాయన తలుపు కొట్టి చెప్పాల్సిన సంగతేనా ఇది? కానీ ఇంట్లో చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది. పాప చెయ్యి పట్టుకునే నడుస్తావు కదా అని భర్త మూడుసార్లు అన్నాడు. ఆమె రసాయనశాస్త్రం చదువుకుంది, పాలను పరీక్షించే ల్యాబులో ఉద్యోగం. పట్టుకున్న చెయ్యి ఎప్పుడో ఒకప్పుడు జారుతుందని ఆమెకు తెలుసు. ఆ ఎప్పుడో ఒకప్పుడనేది ఎన్నిసార్లకోసారి వస్తుందో లెక్క కట్టుకోకుండా కుదురుగా ఉండలేదు.

ఇంటికీ పాప డేకేర్‌కీ మధ్య ఒక కాలువ ఉంది. దాని మీద నడిచేవాళ్లకోసం కట్టిన చిన్న వంతెన. పాపతో రోజూ రెండుసార్లు దాన్ని దాటాలి. రెయిలింగ్‌లో ఒక ఇనుప కమ్మీ లేదు. మిగతా కమ్మీల మధ్య తొమ్మిది సెంటీమీటర్లు ఉంటే అక్కడ ఇరవై. రెండున్నరేళ్ల పిల్ల ఏరి కోరి అక్కడే ఆగి, కాలువలోని బాతులకు టాటా చెబుతుంది.

పెద్దాయన్ని వీధంతా ఫోటోల బాబాయి అంటారు. ముప్పై ఏళ్లు ఊళ్లు పట్టుకు తిరిగి క్యాలెండర్లకూ, పర్యాటకుల కోసం వేసే పుస్తకాలకూ ఫోటోలు తీశాడు. ఇప్పుడు తిరగడం మానేశాడు గానీ నెలకోసారి జరిగే వార్డు సమావేశానికి మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని గంట ముందే వెళతాడు. మా పెళ్లికి కూడా ఇంత టైముకి రాలేదమ్మా ఈయన, అని లోపలినుంచి పిన్నిగారు చురక అంటించింది. ఆయన వినిపించుకోనట్టే చెప్పులు వేసుకుని, స్కేలు చేతిలోనే ఉందిగా, పద చూద్దాం, అన్నాడు.

దారి పొడుగునా ఆయనే మాట్లాడాడు. ఏ ఊళ్లో బస్సు దిగినా తనకు ముందు కనబడేవి పొంగే మురుగు కాలువ, వెలగని వీధి దీపం. వాటికి వీపు తిప్పి కొండనో నదినో తీయడమే తన పని. అందులో మంచి పేరే వచ్చింది. ఒక ఊరిని ఎలా ఏలుతున్నారో తెలియాలంటే తను తీసిన ఫోటోలు పనికిరావట, తీయకుండా వదిలేసినవి చూడాలట. అలాగని రాజకీయాల మీద ఆయనకు కసేమీ లేదు. పెద్ద ఎన్నికలప్పుడు టీకొట్టు దగ్గర గొంతు చించుకునేవాళ్లలో ఒక్కడూ వార్డు సమావేశానికి రాడనీ, ఇరవై కుర్చీలు వేస్తే పద్నాలుగు ఖాళీయేననీ, పాపం కౌన్సిలరు ఆ ఖాళీ కుర్చీలకే జవాబులు చెప్పుకుంటుందనీ నవ్వాడు.

వంతెన మీద ఆమె నిలబడే ఫోన్‌తో ఫోటో తీసింది. ఆయన చూసి పెదవి విరిచాడు. అందులో కాలువ బ్రహ్మాండంగా కనబడుతోంది, సందే కనబడటం లేదు. మోకాళ్ల మీద కూర్చుని, పాప కళ్లు ఎంత ఎత్తులో ఉంటాయో అంత ఎత్తునుంచి తీయమన్నాడు. కూర్చుంది. అక్కడినుంచి చూస్తే అది సందులా లేదు, ఎవరో రమ్మని తలుపు తీసిపెట్టినట్టుంది. స్కేలు అడ్డంగా పెట్టి తీసింది. తర్వాత ల్యాబు అలవాటు కొద్దీ, విరిగి మిగిలిన కమ్మీ మొదలును గోటితో గీకింది. విరిగిన చోటు మీద పచ్చ రంగు, దాని కింద నీలం, ఆ కింద తుప్పు.

“కమ్మీ ఊడిపోయాకే రెండుసార్లు రంగులు వేశారు బాబాయిగారూ. ఇది నిన్నా మొన్నటిది కాదు,” అంది.

ఆయన వంగి ఆ గీకిన చోటును బొటనవేలితో తడిమాడు. తిరిగి వచ్చేటప్పుడు ఆమెకు నాలుగడుగులు వెనకబడి నడిచాడు. ఎండకు అలసిపోయాడేమో అనుకుంది.

ఆ శనివారమే వార్డు సమావేశం. మున్సిపల్ ఆఫీసు మేడమీద గది, రెండు ఫ్యాన్లలో ఒకటే తిరుగుతుంది. పాపను ఒళ్లో పెట్టుకుని ఆమె రెండో వరసలో కూర్చుంది. కౌన్సిలరు టైలరింగ్ షాపు నడిపే నడివయసు ఆవిడ. మెడలో టేపు తీయడం మరిచిపోయి అలాగే వచ్చింది. వంతెన మాట ఎత్తగానే నవ్వుతూ వెనక గోడ చూపించింది. అద్దం ఫ్రేములో పొగమంచు, అందులో వంతెన, రెయిలింగ్‌కు ఆనించిన సైకిలు. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

“మన వంతెనకేం తక్కువమ్మా? క్యాలెండర్‌కెక్కింది. రోజూ దాన్ని చూస్తూనే ఉన్నాం.”

పక్కనున్న ఇంజనీరు కూడా తలూపాడు. ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదన్నాడు. ఆమె ఫోన్ తీసి చూసుకుంది. తన ఫోన్‌లో ఫోటో అగ్గిపెట్టంత, గోడ మీదిది కిటికీ అంత. ఇవాళ తేలకపోతే మళ్లీ వచ్చే నెలే. అంటే పాపతో ఆ సందు పక్కనుంచి ఇంకో యాభైసార్లు.

గోడ మీది ఫోటో కింద చిన్న అక్షరాల్లో ఉన్నది బాబాయి పేరు. ఆ ఆఫీసులో ఆయన రాగానే కుర్చీ జరిపేది ఆ ఫోటోను చూసే. ఆయన లేచి నిలబడ్డాడు. చొక్కా అంచు రెండుసార్లు సర్దుకున్నాడు.

“ఆ సైకిలు నేను పెట్టించిందే. అటుగా పోతున్న పాలవాణ్ణి ఆపి, కాస్త అక్కడ ఆనించు నాయనా అని బతిమాలాను. కమ్మీ లేని చోటు ఫోటోకి బాగుండదని. తొమ్మిదేళ్లయింది. అది మీకు కనబడకుండా చేసింది నేనే.”

వెనక వరసలోంచి ఎవరో, అయితే ఇన్నాళ్లూ సైకిలే కాపలా కాసిందన్నమాట, అన్నారు. ముందుగా నవ్వింది కౌన్సిలరే. నవ్వుతూనే లేచి వచ్చి, మెడలోని టేపు మీద ఇరవై సెంటీమీటర్లు రెండు చేతుల వేళ్లతో పట్టుకుని పాప ముఖానికి అడ్డంగా ఆనించింది. చెవులు దాటాక కూడా అటూ ఇటూ ఖాళీ మిగిలింది. టేపు ఎంత నచ్చిందో పాప దాన్ని నోట్లో పెట్టుకుంది. కౌన్సిలరు నవ్వడం ఆపేసి, రాసుకోండి, అని ఇంజనీరుతో అంది.

పన్నెండో రోజున కొత్త కమ్మీ వెల్డింగ్ చేశారు. గోడ మీది ఫోటో తీసేయమంటారా అని కౌన్సిలరు బాబాయిని మర్యాదగా అడిగించింది. ఉండనివ్వండి, పక్కన కొత్త కమ్మీతో ఇంకోటి పెట్టండి చాలు, అన్నాడట. ఇన్నేళ్లకు ఈయన తప్పు ఒప్పుకున్నాడు, అదీ మీటింగులో, ఇంట్లో కాదు, అని పిన్నిగారు వారం రోజులు వీధంతా చెప్పుకుంది.

కమ్మీ వేసిన రోజు సాయంత్రం వంతెన దగ్గర, ఇక అక్కర్లేదు కదా అని ఆమె ఫోన్‌లోని సందు ఫోటో తీసేయబోయింది. ఆయన ఫోన్ అందుకుని ఒక్కొక్కటే వెనక్కి జరుపుతూ చూశాడు. ప్లగ్గు పాయింటు, మెట్టు అంచు, మూతలేని నీళ్ల తొట్టి. ప్రతిదాని పక్కనా స్కేలు. పాప ఒక్కదాంట్లోనూ లేదు.

“నేనేమో బాగున్నదే తీశాను. నువ్వు నాకు పూర్తిగా ఎదురు. బాగుచేసిన రోజున కూడా ఒకటి తియ్యి తల్లీ, అదే చోట, అదే ఎత్తులో. ఆఫీసుకి పంపు, చేసినవాళ్లూ చూసుకోవాలిగా. ఇంకోటి నువ్వు ఉంచుకో.”

ఆమె మోకాళ్ల మీద కూర్చుంది. పాప అలవాటుగా తల దూర్చబోయింది, ముక్కు దగ్గరే ఆగిపోయింది. కోపంగా కమ్మీ వంక చూసి, మధ్యలోంచి చెయ్యి మాత్రం పెట్టి బాతులకు టాటా చెప్పింది. ఫోటో అప్పుడే తీసింది.

ఇప్పుడు ఆమె ఫోన్‌లో భయాలు ఒంటరిగా ఉండవు. ప్లగ్గు పాయింటు తర్వాత దానికి వేసిన మూత, మెట్టు అంచు తర్వాత దానికి అంటించిన రబ్బరు పట్టీ. నీళ్ల తొట్టి తర్వాతి ఫోటోలో కొత్త మూత మీద కాళ్లు చాపుకుని పాప కూర్చుని ఉంది. పక్కన స్కేలు లేదు. ఆ మూత ఎంత బరువు ఆపుతుందో మాత్రం ముందే చూసుకుంది.