ఎడమ చేతి ఎర్ర గాజు

సమీనా తన తండ్రితో వాదులాడి గెలిచిన పూట జములమ్మ పక్కనే తన ఇంటి అరుగు మీద ఉంది. ఒళ్లో చాట పెట్టుకుని విత్తనానికి పల్లికాయ ఒలుస్తూ, చెవులు మాత్రం ఫకీర్ వాకిట్లో వేసి కూర్చుంది.

అది 2007 జూన్. ఫకీర్ నాగర్‌కర్నూల్ బజారులో పేరున్న దర్జీ. పెండ్లికొడుకుల షేర్వానీలు ఆయన కుట్టాల్సిందే. ఆయన బిడ్డకు ఎంసెట్‌లో నూట అరవైకి నూట ముప్పై ఏడు మార్కులు వచ్చాయి. ఆ గల్లీలో ఎవరూ అన్ని మార్కులు కలలో కూడా చూడలేదు. ఫకీర్ జిలేబీలు పంచి వచ్చేసరికి, మళ్లీ రాస్తానని కూర్చుంది పిల్ల.

"బీడీఎస్, పండ్ల డాక్టర్ సీటు పక్కా అంటున్నరు. ఇంకేం గావాలె నీకు?" అన్నాడు ఫకీర్. మెడలో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

"సర్కారు కాలేజీల ఎంబీబీఎస్ గావాలె అబ్బా. తొమ్మిది మార్కులు తక్కువైనయ్."

"గా తొమ్మిదికి ఏడాది పోగొడ్తవా? వచ్చేసారి గివి గూడ రాకుంటే?"

సమీనా మెల్లగా అడిగింది. "పెండ్లి షేర్వానీకి ఒక్క గుండీ తక్కువుంటే, పోనీలే అని గిరాకికి ఇచ్చినవా ఎన్నడన్న?"

"నా చేతుల మీద గట్లాంటిది పోలే."

"మరి తొమ్మిది గుండీలు తక్కువుంటే నన్నెట్ల పంపుతున్నవ్?"

తల్లి అజీజున్నీసా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. జములమ్మ ఇక ఆగలేకపోయింది.

"ఒప్పుకో ఫకీరూ. నువ్వు కుట్టిన నోరే గది, నీకు సరిగ్గ సరిపోయింది."

"ఒక్క ఏడు. మళ్ల అడగొద్దు," అని ఫకీర్ టేపు తీసి గోడకు తగిలించాడు. వచ్చిన సీటు వదులుకోవాలి, మళ్లీ అడిగేందుకు లేదు. ఇక ఆ పిల్ల బతుకంతా రాబోయే మే నెలలోని మూడు గంటల మీద పడింది.

సమీనా బక్కపలచని పిల్ల. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, ఇంటర్‌లో ఒక్కసారిగా ఇంగ్లీషులో పడింది. పడ్డ మూడు నెలలకే లేచి అందరికన్నా ముందు నడిచింది. కోచింగ్‌కు హైదరాబాద్ పోలేదు. పాత ప్రశ్నపత్రాల పుస్తకం ఒకటి తెప్పించుకుని, ఆదివారం ఆదివారం పరీక్ష తనకు తానే పెట్టుకునేది. ఇంట్లో రెండు మిషన్లు ఆగకుండా కొట్టుకుంటాయి కాబట్టి, ఆ పరీక్షకు సెంటరు జములమ్మ అరుగే అయింది.

జములమ్మ ఆ మూడు గంటలూ గల్లీని చేతిలో పెట్టుకునేది. మేక వస్తే అదిలించేది. ముచ్చటకు వచ్చిన హన్మమ్మనైతే మేక కన్నా గట్టిగా అదిలించింది. "పిల్ల పరీక్ష రాస్తుంది, నీ కోడలు సంగతి రేపు చెప్పు. రేపటికి ఆమె ఏం మంచిదైపోదు."

మార్కులు మాత్రం కదలలేదు. నూట ముప్పై ఆరు, ముప్పై ఎనిమిది, మళ్లీ ముప్పై ఏడు. దసరా పోయింది, రంజాన్ పోయింది, కొత్త సంవత్సరం కూడా వచ్చింది. పోయే మార్కుల్లో ఎక్కువ పత్రం చివర ఉండే కెమిస్ట్రీలోనే పోతున్నాయి. సమీనా కెమిస్ట్రీ పుస్తకం మూడుసార్లు తిరగేసింది. నాలుగోసారి మొదలుపెట్టి, ఫిబ్రవరిలో ఒకనాడు పుస్తకం మూసి అరుగు మీద తల వాల్చేసింది.

"కెమిస్ట్రీ నాకు రాదు అవ్వా. అబ్బా చెప్పిందే నిజం. పండ్ల డాక్టర్ సీటు గూడ పోగొట్టుకున్న."

ఆ పిల్ల ఏడవగా జములమ్మ ఎన్నడూ చూడలేదు. ఓదార్చడం ఆమెకు చేతకాదు. అందుకని కసిరింది. "ఏడుపుకు మార్కులేస్తరా? ఇటియ్యి, గా జవాబుల కాగితం నేను చదువుత. నువ్వు ఏం పెట్టినవో చెప్పు."

"నీకు చదవొస్తదా?"

"ఏందే గట్లంటవ్? గద్వాలల రెండో తరగతి దాక చదివిన. అంకెలు నాకు రాకుంటే అచ్చంపేట బస్సెక్కి వనపర్తిల దిగుదును."

జవాబుల కాగితంలో ఉన్నవి ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలే. జములమ్మ కళ్లద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, పంచాంగం చదివే అయ్యగారిలా మొదలుపెట్టింది. తప్పుకొక్క పల్లిగింజ చాటలో వేసింది. మొదటి ఎనభైకి నాలుగు గింజలు, తర్వాతి నలభైకి మూడు గింజలు పడ్డాయి. ఆ తర్వాత గింజలు గబగబా పడసాగాయి.

"ఒకటి," అంది జములమ్మ.

"నాలుగు పెట్టిన."

"రెండు."

"మూడు పెట్టిన."

"ఒకటి."

"నాలుగు."

జములమ్మ కాగితం కింద పెట్టేసింది. "ఎక్కిరిస్తున్నవా నన్ను? నేను ఒకటంటే నాలుగంటవ్, రెండంటే మూడంటవ్."

"లేదవ్వా, కాగితంల గట్లనే ఉన్నది, చూడు."

చూసింది. ఉంది. ఆ నలభైలో పదిహేను తప్పులుంటే పదమూడు అట్లాగే తిరగబడి ఉన్నాయి. కుప్పలో పుచ్చు గింజలన్నీ ఒకే పక్క కనబడితే సంచికి చిల్లి ఎక్కడుందో వెతకాలని జములమ్మకు తెలుసు. "నా ముంగట ఇంకో పది పెట్టు. టైం లేదనుకొని పెట్టు. ఉరుకు, ఉరుకు," అని తొందరపెట్టింది. ఆమె చూపు కాగితం మీద లేదు, పిల్ల చేతి మీద ఉంది.

జవాబు నింపే కాగితంలో ప్రతి ప్రశ్నకూ ఒకటి నుంచి నాలుగు దాకా అంకెలున్న సున్నాలు వరుసగా ఉన్నాయి, సరైనదాన్ని పెన్నుతో నింపాలి. తొందరలో సమీనా పెన్ను ఆ వరుసకు కుడి కొస నుంచి వచ్చి దిగుతోంది.

"ఆగు. గటు దిక్కు నుంచి ఎందుకొస్తున్నవ్?"

సమీనా తన చేతిని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసుకుంది. పదేళ్లు ఉర్దూ రాసిన చెయ్యి అది. ఉర్దూలో వరుస కుడి నుంచే మొదలవుతుంది. నిమ్మళంగా ఉన్నప్పుడు సున్నాలోని అంకె చదివి నింపుతుంది. చివర్లో టైం చాలక ఉరికేటప్పుడు కళ్లు అంకెను వదిలేస్తాయి, చెయ్యి తనకు అలవాటైన దిక్కు నుంచి లెక్క పెట్టుకుంటుంది.

"అంటే నాకు కెమిస్ట్రీ వస్తది," అంది సమీనా.

"వస్తదో రాదో నాకేం తెలుసు. చెయ్యి మాత్రం దారి తప్పింది."

సమీనా నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. అజీజున్నీసా మిషన్ ఆపి బయటికొచ్చింది. "ఏమైంది? ఏడ్చి ఏడ్చి పిచ్చి లేసిందా?"

తెలియడం ఒక ఎత్తు, మాన్పడం ఇంకో ఎత్తు. అలవాటు తొందరలో మళ్లీ వచ్చేది. జములమ్మ సమీనా రెండు చేతుల గాజులూ తీయించి, ఒక్క ఎర్ర గాజు ఎడమ చేతికి తొడిగింది. "గాజు దిక్కు నుంచి మొదలుపెట్టు. మర్చిపోతే ఎడమ చెయ్యి కదిలియ్యి, బల్లకు తగిలి అదే మొత్తుకుంటది." మార్చి నెలాఖరుకు మార్కులు నూట నలభై ఆరు దాటాయి. ఏప్రిల్‌లో ఒక ఆదివారం నూట యాభై రెండు వచ్చినప్పుడు జములమ్మ ఎవరికీ చెప్పకుండా ఉండలేక మేకకు కూడా చెప్పింది.

మే నెలలో మహబూబ్‌నగర్ సెంటరులో సమీనా ఆ ఒక్క గాజుతోనే పోయి కూర్చుంది. నూట నలభై తొమ్మిది వచ్చాయి. సర్కారు మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. ఫకీర్ ఈసారి జిలేబీలు పంచుతూ ఇంటింటికీ లెక్క చెప్పాడు. "తొమ్మిది గుండీలు తక్కువుంటే పన్నెండు కుట్టింది."

"తప్పు యాడుందో దొరికిచ్చింది నేను," అని జములమ్మ ప్రతి ఇంటి దగ్గరా అతని వెనకే చెబుతూ వచ్చింది.

హాస్టలుకు పోయే ముందురోజు సమీనా అరుగు దగ్గరికి వచ్చింది. వెంట ఉర్దూ స్కూల్లో చదివి ఇంటర్‌లో చేరిన ముగ్గురు ఆడపిల్లలు ఉన్నారు. చివరి పేజీలు చిరిగితే దారంతో కుట్టిన పాత ప్రశ్నపత్రాల పుస్తకాన్ని జములమ్మ ఒళ్లో చాట మీద పెట్టింది.

"వీళ్లు గూడ ఎంసెట్ రాస్తరు అవ్వా. ఆదివారం ఆదివారం వీళ్లకు జవాబులు నువ్వే చదవాలె. చేతులు ఎటు నుంచి వస్తున్నయో చూడాలె. తప్పు పోతే ఊకుండకు. నన్ను తిట్టినట్లే తిట్టు, జరంత గూడ తగ్గియ్యకు."